నంబరు ఒకటే కదా

నేను ఒక రాత్రి కూలీని. మీరు కళ్లు మూసుకున్నాక నా పని మొదలవుతుంది, మీరు కళ్లు తెరిచాక ముగుస్తుంది. బత్తెం లేదు, సెలవు లేదు. చూడ్డానికి బొట్టుబిళ్లంత ఉంటాను. లేత ఆకుపచ్చ రంగు, గట్టి ప్లాస్టిక్ ఒళ్లు. గోటితో మీటితే టిక్కుమంటాను. నన్ను లెన్సు అంటారు. పగలు పెట్టుకునే మెత్తటి లెన్సులు మీరు చూసే ఉంటారు. అవి కంటి మీద కూర్చుని ఊరేగుతాయి. నాకు ఊరేగింపులు లేవు. నల్లగుడ్డు మీద గాజులాంటి పలుచని పొర ఒకటి ఉంటుంది కదా, దాన్ని రాత్రంతా మెల్లగా అదిమి పట్టుకోవడం నా పని. తెల్లారేసరికి ఆ పొర కాస్త చదునవుతుంది. నన్ను తీసేస్తే, దూరపు చూపు ఆనని మనిషికి కూడా ఆ రోజంతా అద్దాలు లేకుండానే బస్సు బోర్డు కనిపిస్తుంది.

అయితే ఆ రోజుకే. ఇస్త్రీ చొక్కా లాంటిదే ఈ చూపు. రేపటికి మళ్లీ నలుగుతుంది, మళ్లీ నేను ఎక్కి కూర్చోవాలి. నాలుగు రోజులు మానేస్తే కథ మొదటికి వస్తుంది. ఎంత చేసినా మిగలని పని ఎలా ఉంటుందో అంట్లు తోమేవాళ్లకు తెలుసు, నాకు తెలుసు. అలసిపోయాను. అందుకే మర్యాదలు పెట్టుకోకుండా ఉన్నదున్నట్టు చెబుతాను.

నన్ను శ్లోక అనే అమ్మాయి కోసం చేశారు. హనుమకొండలో వాళ్లది మూడంతస్తుల ఇల్లు, మెట్ల నిండా గ్రానైటు. ఇంటర్ చదివే పిల్ల. పుస్తకం నుంచి తల ఎత్తితే ఫోను, ఫోను నుంచి తల ఎత్తితే పుస్తకం. ఆకాశం చూడడానికి తీరిక లేని కళ్లు, ఏటా నంబరు పెరుగుతూ పోయింది. తల్లి వందన ఆ పిల్లను ఒక పెద్ద కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఒక మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. కంటి మీద వెలుగు వలయాలు పడ్డాయి. ఆ నల్లగుడ్డు పొర ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో రంగురంగుల పటం వచ్చింది. ఆ పటాన్ని చూసి, గుండీ అంత ప్లాస్టిక్ బిళ్లను చిత్రిక పట్టి నన్ను తీశారు. నా లోపలి వంపు శ్లోక కుడికంటి వంపు. అచ్చంగా ఆ ఒక్క కంటిదే. ఎడమ కంటికి నా తమ్ముడొకడు పుట్టాడు, నీలం రంగువాడు. వాడి పని నేను చేయలేను, నా పని వాడు చేయలేడు. ఒకే మనిషి రెండు కళ్ల సంగతే ఇది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా కథలో దీన్ని పెద్ద చదువులు చదివినవాళ్లే మర్చిపోయారు.

"రోజూ ఎనిమిది గంటలు నిద్రపోవాలి" అని డాక్టరు చెప్పాడు. శ్లోక తల ఊపింది. మనుషులు తల ఊపినంత తేలిగ్గా ఇంకేదీ చేయరు. నన్ను కంట్లో పెట్టుకుని, దుప్పటి ముసుగేసుకుని, ఆ ముసుగులో ఫోను చూసేది. రెప్ప మూస్తేనే గదా నాకు పని! రెప్పా కదులుతుంది, నేనూ కదులుతాను, పొద్దున చూస్తే సగం సగం చూపు. "ఈ లెన్సులు వేస్ట్ మమ్మీ" అనేది. అనుకోండి, నాకేం? పద్దెనిమిది నిండగానే లేజరు ఆపరేషన్ చేయించారు. నన్నూ తమ్ముడినీ డబ్బాలో పెట్టి డ్రాయరులో పడేశారు. పక్కన ఎండిపోయిన గోళ్ల రంగు సీసాలు, మూత పోయిన పెన్నులు. మా డబ్బాలో నీళ్లు కూడా ఎండిపోయాయి.

ఆ ఇంట్లో కొమురమ్మ పనిచేసేది. అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం, అన్నీ ఆమే. ఆ ఇంటికి ఒక అలవాటు ఉంది. నిన్నటి కూర, రంగు వెలిసిన చుడీదారు, పిన్ను ఊడిన చార్జరు, డేటు దగ్గరపడ్డ బిస్కెట్లు, అన్నీ కొమురమ్మ సంచిలోకే పోయేవి. చెత్తబుట్టలో వేస్తే పారేసినట్టు, కొమురమ్మ సంచిలో వేస్తే దానం చేసినట్టు! వస్తువు ఒకటే, చేయి ఒకటే, బుట్ట మారితే పుణ్యం వచ్చేస్తుంది. కొమురమ్మ ఏదీ వద్దనేది కాదు. ఒక్కసారి వద్దంటే పొగరని పేరు పడుతుందని ఆమెకు తెలుసు.

దసరా ముందు బూజు దులుపుతున్నారు. డ్రాయరు లాగి నన్ను చేతిలోకి తీసుకుంది వందన.

"కొమురమ్మా, నీ బిడ్డ భాగ్య కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయితుంది కదా, ఏమైంది?"

"ఏం జెప్పాలె అమ్మా. ఉరుకుడుల పాసయింది. రాత పరీక్షల పాసయింది. ఇగ కండ్ల పరీక్ష ఒక్కటే మిగిలింది. అద్దాలు లేకుండ బోర్డు సదవాలెనట. గదే గోస."

"నంబరు ఎంత?"

"మూడో ఏందో అంటది."

"మైనస్ మూడా? శ్లోకకు కూడా అంతే ఉండె!" వందన ముఖం వెలిగింది. నిజంగానే వెలిగింది, ఆమె చెడ్డ మనిషేం కాదు. "ఇవి తీస్కపో. రాత్రి పెట్టుకొని పండుకుంటే పొద్దున అద్దాలే అవసరముండదు. ఎంత పెట్టి చేయించినమో తెలుసా? నంబరు ఒకటే కదా, సరిపోతయ్."

సోఫాలో ఫోను చూస్తున్న శ్లోక తల ఎత్తకుండానే, "మమ్మీ, అవి వేరేవాళ్లు పెట్టుకోవద్దనుకుంటా" అంది.

"ఏం కాదు లే. కడుక్కొని పెట్టుకుంటది."

శ్లోకకు తెలిసిన నిజం అంతవరకే బయటికి వచ్చి మళ్లీ ఫోనులోకి పోయింది. నేను కొమురమ్మ సంచిలోకి పోయాను, నిన్నటి వంకాయ కూర డబ్బా పక్కన.

భాగ్య వయసు ఇరవై రెండు. తల్లీ కూతుళ్లది ఒకటే గది, రేకుల కప్పు. నన్ను చూసి ఆ పిల్ల ఎంత మురిసిందో చెప్పలేను. డబ్బాను రెండు చేతులా పట్టుకుని, "నిజంగనే ఇచ్చిందా? ఊకెనే ఇచ్చిందా?" అని నాలుగు సార్లు అడిగింది. ఊకెనే ఇచ్చేదాన్ని అనుమానించాలని ఎవరూ నేర్పలేదు. పుట్టినప్పటి నుంచి ఒంటి మీదికి వచ్చినవన్నీ ఒకరు వాడి వదిలేసినవే. జబ్బ దగ్గర వదులుగా ఉంటే కుట్టేసుకుంది, చెప్పు పెద్దదైతే ముందు గుడ్డపేలిక కుక్కుకుంది. ఏ వస్తువు తన కొలత కాకపోయినా తనే ఆ వస్తువు కొలతకు వంగడం అలవాటు. ఇప్పుడు కంటిని కూడా అలాగే వంచబోయింది.

ఫోనులో వీడియో చూసి నన్ను కుడికంటికి, తమ్ముణ్ని ఎడమకంటికి ఎక్కించుకుంది. నేను కూర్చోగానే నాకు తెలిసిపోయింది, ఇది నా ఇల్లు కాదని. నేను చదునుగా ఉన్నచోట ఆ కన్ను ఎత్తుగా ఉంది, నేను ఎత్తుగా ఉన్నచోట పల్లంగా ఉంది. నా అంచు ఒక పక్క గుచ్చుకుంటోంది. అరవడానికి నాకు నోరు లేదు. భాగ్యకు నోరుంది గానీ అరవలేదు. కన్నీళ్లు ధారగా కారుతుంటే, "అలవాటైతదట అమ్మా" అంది.

అసలు అవస్థ వేరే ఉంది. ఆ పిల్లకు నిద్రేదీ? పెద్ద చీరల షోరూంలో సేల్స్ గర్ల్. రాత్రి షట్టరు దించేదాకా అక్కడే. ఒక్క చీర కొనడానికి వచ్చిన ఆడవాళ్లకు కౌంటరు నిండా చీరలు విప్పి చూపించాలి, వాళ్లు మూతి ముడుచుకుని లేచిపోతే అన్నీ మళ్లీ మడవాలి. కూర్చోకూడదు. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. అక్కడ స్టూళ్లుంటాయి, అవి కొనేవాళ్లకు. అమ్మేవాళ్లకు కాళ్లున్నాయి కదా! ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటే, కోడి కూయకముందే లేచి గ్రౌండుకు పరుగు. ఈ మధ్యలో మిగిలిన నిద్ర ముక్కలో నేను పని చేయాలట. నన్ను కనిపెట్టిన మహానుభావులు కన్ను గురించి అంతా చదివారు, మనుషులు ఎప్పుడు పడుకుంటారో ఎవరినీ అడిగినట్టు లేరు.

అయినా భాగ్య చూపు మెరుగైంది. అదే ఆ పిల్ల కొంప ముంచింది. కొలత తప్పితేనేం, అదిమితే ఏదో ఒకటి అణుగుతుంది. ఒక పొద్దున నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడి, వీధి చివర పోయే బస్సును చూసి కేక పెట్టింది.

"అమ్మా! నర్సంపేట అని రాసుందే! అద్దాల్లేకుండనే సదివిన!"

"మల్ల సదువు!"

"పోయింది, బస్సే పోయింది!"

తల్లీ కూతుళ్లు నల్లా దగ్గరే నవ్వారు. వెనకున్న ఆవిడ, "బిందె నిండె, జరగుండ్రి" అని కసురుకుంది. దీపాలకు తోకలు మొలుస్తున్నాయని, అక్షరాల పక్కన ఇంకో నీడ అక్షరం కనిపిస్తోందని భాగ్య తల్లికి చెప్పలేదు. కొమురమ్మ మాత్రం పోయి వందన ముందు చేతులు జోడించింది. "మీ చేతి సలువ అమ్మా" అంది. ఆ వారం వందన తన మంచితనాన్ని తెలిసినవాళ్లందరికీ ఫోను చేసి మరీ చెప్పుకుందట.

డబ్బాతో పాటు ఇచ్చిన మందునీళ్ల సీసా అయిపోయింది. అసలది ఎప్పుడో డేటు దాటిన సీసా. భాగ్య కొత్తది కొనబోయి, ధర చూసి వెనక్కి వచ్చేసింది. కడగడమే కదా అనుకుని నల్లా నీళ్లతో కడిగింది. ఇంట్లో అన్నీ ఆ నీళ్లతోనే కడుగుతారు, ఆ నీళ్లే తాగుతారు. తాగే నీళ్లు కంటికి విషమవుతాయని ఎవరు చెప్పారు? వందన చెప్పలేదు, ఆమెకు తెలియదు. శ్లోకకు డాక్టరు చెప్పాడు, శ్లోక ఎవరికీ చెప్పలేదు. కంటికి కనిపించని పురుగులు నా మీద కాపురం పెట్టాయి. నా అంచు గీరిన గాయం గుండా అవి మెల్లగా లోపలికి పోయాయి.

కుడికన్ను ఎర్రబడింది, తమ్ముడున్న ఎడమకంటికి ఏమీ కాలేదు. మెడికల్ షాపులో అడిగితే ఏదో చుక్కల మందు ఇచ్చాడు, వేయగానే ఎరుపు తగ్గింది. నొప్పి తగ్గలేదు.

"తీసెయ్ బిడ్డా," అంది కొమురమ్మ. "నాకేందో మంచిగనిపిస్తలేదు."

"సోమవారమే మెడికల్ అమ్మా. గా బోర్డొక్కటి సదివినంక నేనే మోరీల పారేస్త."

"కన్ను సూడు ఎట్లయిందో!"

"కండ్ల కోసమే గదనే ఇదంత! కొలువొస్తే నిన్ను ఒగలింటి కాడ పని చెయ్యనిస్తనా?"

అదీ సంగతి. ఆ పిల్లకు ఖాకీ బట్టల మీద మోజేం లేదు. ఇంకొకరు వాడి పారేసిన బట్టలు తల్లి సంచిలో రాకుండా ఉంటే చాలు. పైగా ఆ ఖాకీ బట్టను ఒళ్లు కొలిచి కుట్టిస్తారు కదా! నేను ఆ కంటి మీద పడుకుని ఆ మాటలన్నీ విన్నాను. నేను చేయగలిగింది అదమడం ఒక్కటే, అదిమాను.

శుక్రవారం పొద్దున భాగ్య కన్ను తెరవలేకపోయింది. వెలుతురు తగిలితే అరిచింది. నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ. కొమురమ్మ పని మానేసి బిడ్డను ఆటో ఎక్కించి సర్కారు కంటి దవాఖానకు తీసుకుపోయింది. కొంగు చివర మా డబ్బాను మూట కట్టుకుని పోయింది. తెలివైన పని అది.

పెద్ద డాక్టరమ్మ నీలిరంగు లైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత డబ్బా తెరిచి నన్ను చూసింది.

"ఎవరియి ఇవి?"

"నాయే మేడం," అంది భాగ్య.

"నీయా? ఎక్కడ చేయించినవ్? నీ కన్ను కొలత ఎవరు తీసిండ్రు?"

కొమురమ్మే నోరు తెరిచింది. "నేను పనిచేసే ఇంటి మేడం ఇచ్చిందమ్మా. వాళ్ల బిడ్డయి. నంబరు ఒకటే అన్నది."

"నంబరా?" డాక్టరమ్మ తల పట్టుకుంది. "నీ కాలూ నా కాలూ ఎనిమిదో నంబరే అనుకో. కాలు కోసి మార్సుకుంటమా అమ్మా? నంబరు వేరే, కన్ను వేరే. ఇవి ఇంకొకరి కంటికి అచ్చు పోసినవి." భాగ్య వైపు తిరిగి, "ఇయ్యాలే అడ్మిట్ గావాలె. గంట గంటకు మందు పడాలె. లేటైతే కన్ను పోతది" అంది.

"మేడం, సోమవారం నాకు మెడికల్ ఉంది. గప్పటిదాంక ఎట్లనన్న..."

"కన్ను కావాల్నా, మెడికల్ కావాల్నా?"

"నాకు రెండు ఒకటే మేడం."

డాక్టరమ్మ పెన్ను అందుకుంది. చీటీ రాసి నర్సుకు ఇచ్చింది, నన్ను ల్యాబుకు పంపింది. అక్కడ నా ఒళ్లు గీకి, ఆ గీకినదాన్ని ఒక పళ్లెంలో పెంచారు. ఎంత పెరిగిందో! నా మీద అన్ని ప్రాణాలు బతుకుతున్నాయని నాకే తెలియదు. పని అయిపోయాక నన్ను చిన్న గాజు సీసాలో మందునీళ్లలో వేసి, వార్డులో నర్సు బల్ల మీద పెట్టారు. రౌండ్సుకు వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్ను ఎత్తి పట్టుకుని చదువుకునే పిల్లలకు చూపించేది. "చూడండి, నంబరు ఒకటే కదా అన్నరట" అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. పక్క మంచం మీద భాగ్య గోడ వైపు తిరిగి పడుకునేది. రెండోసారి అలా నవ్వినప్పుడు డాక్టరమ్మ భాగ్యను గమనించింది. ఆ తర్వాత నన్ను బయటికి తీసుకుపోయి చూపించడం మొదలుపెట్టింది.

సోమవారం వచ్చింది, పోయింది. ఆ రోజంతా కొమురమ్మ బిడ్డ కంట్లో చుక్కలు వేస్తూనే ఉంది. గ్రౌండులో భాగ్యతో పరిగెత్తిన పిల్ల ఒకతి ఫోను చేసింది. భాగ్య ఫోను చేతిలో పట్టుకుని చూసింది, ఎత్తలేదు.

తర్వాత వందన వచ్చింది. ఆపిల్ పండ్లు తెచ్చింది. మంచం కొసన కూర్చోవాలా వద్దా అని తటపటాయించి నిలబడే ఉంది.

"అయ్యో, ఇట్లయిందేంది? మంచికి పోతే చెడ్డ అయింది. మా శ్లోక రెండేండ్లు వాడింది, ఏం కాలేదు. సరిగ్గా కడగలేదేమో కొమురమ్మా?"

కొమురమ్మ చుక్కల సీసా మూత పెట్టింది. మెల్లగా అంది.

"కడిగినమమ్మా. ఆరేండ్ల సంది మీ ఇంట్ల అంట్లన్ని కడిగే చెయ్యే ఇది. నా కడుగుడు ఎట్లుంటదో మీకెరుకే గద."

వందన ముఖం ఎర్రబడింది. మాట మార్చడానికి సంచిలోంచి ఒక పెట్టె తీసింది. "సరే, అయిందేదో అయింది. ఇవి శ్లోక పాత అద్దాలు. ఫ్రేము చాలా మంచిది. నంబరు కూడా ఒక..."

అక్కడ ఆగింది. తన మాట తనకే వినిపించింది కాబోలు. వార్డులో పక్క మంచాలవాళ్లు కూడా చూస్తున్నారు. పెట్టె ఆమె చేతిలోనే ఉంది, తీసుకోవడానికి ఎవరి చేయీ రాలేదు. కొమురమ్మ ఆపిల్ పండ్లు తీసుకుంది, కడుపుకు తినేవి కాబట్టి. ఆ పెట్టె మాత్రం వందన సంచిలోకే తిరిగిపోయింది. ఇచ్చిన వస్తువు వెనక్కి పోవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు అనుకుంటాను.

భాగ్య కన్ను నిలిచింది. నల్లగుడ్డు మీద ఓ పక్కన మచ్చ ఒకటి మిగిలింది, నడిమధ్యన పడలేదు కాబట్టి చూపు ఉంది. కొలువు పోయింది. ఆ మచ్చతో, ఆ నంబరుతో మళ్లీ నోటిఫికేషన్ వచ్చినా ఈ దారి మూసుకుపోయినట్టే అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. భాగ్య విని, "మల్ల గా షోరూమేనా మేడం?" అని అడిగింది. జాలిగా అడగలేదు, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది. "అద్దాలతో చేసే కొలువులు మస్తున్నయి, రాస్తనే ఉండు" అంది డాక్టరమ్మ. చెప్పేవాళ్లకు అది తేలిక అని నాకు అనిపించింది.

గాయం మానాక అద్దాలకు కొలత తీయడానికి రమ్మన్నారు. సర్కారు దవాఖానలో ఊరికే చేసిస్తారు. ఇప్పుడు నా మకాం ఆ కొలతలు తీసే గదిలోనే, డాక్టరమ్మ బల్ల వెనక అరలో. సీసా మీద కాగితం అంటించి ఉంది. చదువుకునే పిల్లలు మారినప్పుడల్లా నన్ను దించుతారు, చూస్తారు, మళ్లీ ఎక్కిస్తారు. పని లేదు, ఎవరినీ అదమనక్కర్లేదు. ఈ నీళ్లలో తేలుతూ ఉంటే ఒంట్లో సత్తువ లేనట్టు ఉంటుంది. అదే హాయి అనుకుంటున్నాను.

ఆ రోజు భాగ్య వచ్చి కుర్చీలో కూర్చుంది. ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టారు. అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసి, ఒక జూనియర్ డాక్టరు అడుగుతున్నాడు.

"ఇది బాగుందా? ఇది బాగుందా?"

భాగ్య గోడ మీది అక్షరాల వైపు చూస్తూ ఆలోచించింది.

"మొదటిది మల్ల పెట్టుండ్రి సార్."

పెట్టాడు.

"ఇగ రెండోది."

పెట్టాడు. బయట వరండాలో గుంపు ఎక్కువైంది. ఎవరో ముసలాయన తలుపు సందులోంచి తల దూర్చి, "ఇంకెంతసేపు బిడ్డా? మేం మనుషులం గాదా?" అని గదమాయించాడు. జూనియర్ డాక్టరు కూడా గడియారం చూసుకుని, "తొందరగా చెప్పమ్మా, ఏదైనా ఒకటే కదా" అన్నాడు.

భాగ్య చట్రం సరిచేసుకుంది. కదలలేదు.

"ఒకటే గాదు సార్. జర ఆగుండ్రి. ఇయ్యి నాకోసం చేస్తున్నరు."